గేరు బైకు లైసెన్సు టెస్టుకు ముందు నేర్చుకోవడానికి చిన్న బండి ఎంచుకోవడం ఎలా?

ఆర్టీవో ఆఫీసు ట్రాకు మీద 8 వేసేటప్పుడు, అంటే 8 అంకె ఆకారంలో గీసిన దారిలో తిరిగేటప్పుడు, బండి వేగం మనిషి నడక కంటే కాస్త ఎక్కువ, అంతే. ఆ వేగంలో కాలు కింద పెట్టకూడదు, గీత దాటకూడదు, ఇంజిన్ ఆగిపోకూడదు. కాబట్టి ఈ నెలా రెండు నెలలకు బండిని చూడాల్సింది పికప్‌ను బట్టి కాదు, ఎంత మెల్లగా పోనిచ్చినా తూలకుండా, ఆగకుండా పోతుందా లేదా అన్నదాన్ని బట్టి. 350 సీసీ బండి మీద మెయిన్ రోడ్డులో చక్కగా వెళ్లిన కుర్రాడు కూడా 8 రెండో సున్నాలోకి తిరిగేసరికి కాలు దించేస్తాడు. లోపం అతనిది కాదు, ఆ పనికి ఆ బండి సరిపోదు.

ఇది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మొదటిసారి గేరు బైకు లైసెన్సుకు వెళ్లేవారి కోసం.

మొదటి పని: ఏ లైసెన్సు కావాలో తేల్చుకోవడం

రెండు చక్రాల బండ్లకు గేర్లున్నవి, గేర్లు లేనివి అని లైసెన్సులో రెండు తరగతులున్నాయి. యాక్టివా, జూపిటర్ లాంటి స్కూటీలు, ఎలక్ట్రిక్ స్కూటర్లు, ఊళ్లలో బస్తాలు మోసే టీవీఎస్ ఎక్సెల్ గేర్లు లేనివాటి కిందకు వస్తాయి. గేరు బండి లైసెన్సు తీసుకుంటే స్కూటీ కూడా నడుపుకోవచ్చు. స్కూటీ లైసెన్సుతో గేరు బండి నడపకూడదు. అందుకే ఎప్పుడైనా బైకు ఎక్కే అవకాశం ఉందనుకుంటే ఇప్పుడే గేరు బండి మీద టెస్టు ఇవ్వడం మేలు. ఎక్సెల్ మీద బ్యాలెన్సు బాగా వస్తుంది, కానీ దానికి చేతి క్లచ్ లేదు. టెస్టులో కష్టమంతా క్లచ్ దగ్గరే.

గేరు బండికి 18 ఏళ్లు నిండాలి. ఎల్ఎల్ఆర్ (నేర్చుకునేవారికి ఇచ్చే తాత్కాలిక లైసెన్సు) వచ్చిన 30 రోజుల తర్వాతే అసలు టెస్టుకు వెళ్లగలరు, ఎల్ఎల్ఆర్ గడువు 6 నెలలు. అంటే నేర్చుకోవడానికి కనీసం నెల రోజులు ఎలాగూ చేతిలో ఉంటాయి. ఎల్ఎల్ఆర్ చేతికి వచ్చే వారంలోనే బండి కూడా సిద్ధంగా ఉండేలా చూసుకోండి. ఆ కాగితం లేకుండా రోడ్డెక్కితే జరిమానా 5,000 రూపాయలు.

ఇంట్లో ఉన్న బండా, కొనే బండా?

మా సలహా: ముందు ఇంట్లోనో చుట్టాల దగ్గరో 100–110 సీసీ బండి ఉందేమో అడగండి. నాన్నదో, బాబాయిదో, మావయ్యదో ఒక స్ప్లెండర్ మన రెండు రాష్ట్రాల్లో దొరకడం కష్టమేమీ కాదు. నెల రోజుల పనికి కొత్త బండి కొనక్కర్లేదు. నేర్చుకునేటప్పుడు ఒకటి రెండు సార్లు పడటం మామూలే, కొత్త బండి మీద ఆ గీతలు పడితే మనసు ఊరుకోదు. పడుతుందేమోనన్న భయంతో భుజాలు బిగుసుకుంటాయి, భుజాలు బిగిస్తే హ్యాండిల్ తిరగదు.

అరువు బండి తెస్తే ఒక షరతు పెట్టుకోండి: నెల రోజులూ అదే బండి, టెస్టు రోజున కూడా అదే. వారానికో బండి మారిస్తే క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో చేతికి అలవాటు కాదు. గేర్లు కూడా మారిపోతాయి. స్ప్లెండర్‌లో నాలుగు గేర్లూ ముందుకు నొక్కితే పడతాయి. పల్సర్ 150లో మొదటిది కిందకి, మిగతా నాలుగూ పైకి. ఒకదాని మీద నేర్చుకుని ఇంకోదాని మీద టెస్టుకు వెళ్తే కంగారులో కాలు పాత అలవాటుకే పోతుంది.

ఒంటికి సరిపోయే బండి

మొదట బరువు చూడండి. హోండా షైన్ 100 దాదాపు 99 కిలోలు, స్ప్లెండర్ ప్లస్, హెచ్‌ఎఫ్ డీలక్స్ 110–112 కిలోల దగ్గర ఉంటాయి. పల్సర్ 150 దాదాపు 150 కిలోలు. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 అయితే 195 కిలోలు. రోడ్డు మీద వేగంలో ఉన్నప్పుడు ఈ తేడా పెద్దగా తెలియదు, ఎందుకంటే వేగంలో బండి చాలావరకు తనంతట తానే నిలబడుతుంది. నడక వేగంలో ఆ సాయం ఉండదు. బండి ఒక పక్కకు వాలడం మొదలైతే దాన్ని నిలబెట్టేది మీ ఒళ్లూ, హ్యాండిలూ మాత్రమే.

రెండోది రెండు చక్రాల మధ్య దూరం. స్ప్లెండర్‌లో ఇది 1,236 మి.మీ., క్లాసిక్ 350లో 1,390 మి.మీ. చక్రాల మధ్య దూరం తక్కువైతే అంతే హ్యాండిల్ తిప్పుడుకు బండి చిన్న సున్నాలో తిరుగుతుంది. 8 వేసేటప్పుడు ఆ ఆరంగుళాల తేడా గీతకు లోపలా బయటా అన్నది తేలుస్తుంది.

మూడోది సీటు ఎత్తు. స్ప్లెండర్ ప్లస్ 785 మి.మీ., షైన్ 100 786 మి.మీ., హెచ్‌ఎఫ్ డీలక్స్ 805 మి.మీ. కాగితం మీద అంకె కంటే కూర్చుని చూడటం ముఖ్యం. రోజూ వేసుకునే చెప్పులో షూసో వేసుకుని, స్టాండు తీసి కూర్చోండి. రెండు పాదాల ముందు భాగమూ నేలకు గట్టిగా ఆనాలి. ఒక కాలు పూర్తిగా ఆని రెండోది గాల్లో వేలాడితే ఆ సీటు మీకు ఎత్తే. అయిదడుగుల చుట్టుపక్కల ఎత్తున్నవాళ్లు, ముఖ్యంగా అమ్మాయిలు, సొంత బండి అయితే సీటు కవర్లు కుట్టేవాళ్ల దగ్గర ఫోమ్ ఒక అంగుళం తీయించుకోవచ్చు. అంతకు మించి తీయిస్తే కూర్చున్నచోట గట్టిగా తగిలి అరగంటకే నడుము నొప్పి వస్తుంది.

ఇప్పుడు ఇంజిన్ ఆపే ఉంచి మూడు పనులు చేయండి. బండిని రెండు పక్కలకూ ఒక జానెడు వంచి తిరిగి నిలబెట్టండి. హ్యాండిల్ పూర్తిగా తిప్పి పట్టుకుని పది అడుగులు వెనక్కి తోయండి. సెంటర్ స్టాండు వేయండి. మూడూ ఆయాసపడకుండా అయితే ఆ బండి మీకు తగినదే. సెంటర్ స్టాండు వేయడం రాకపోతే మాత్రం దిగులు పడక్కర్లేదు. అది బలం కాదు, పట్టు: కుడికాలు స్టాండు మీద పెట్టి ఒంటి బరువంతా దాని మీద మోపితే బండి దానంతటదే వెనక్కి ఎక్కుతుంది.

ఇంజిన్, బ్రేకులు: ఏవి మంచివి?

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 స్ప్లెండర్, హెచ్‌ఎఫ్ డీలక్స్ లాంటి బండ్లకు కార్బొరేటర్ లేదు, పెట్రోలు ఇంజెక్షన్ పద్ధతిలో వెళ్తుంది. చలికాలం ఉదయం చోక్ లాగే పని తప్పుతుంది, ఇంజిన్ ఆగిపోవడమూ తక్కువే. కానీ కొన్నింటిలో మొదటి గేరులో రేసు (యాక్సిలరేటర్) వదిలి మళ్లీ ఇస్తే బండి చిన్నగా ఎగురుతుంది. పాత కార్బొరేటర్ బండిలో ఆ కుదుపు తక్కువ. పైగా రేసు వదిలేసినప్పుడు ఇంజిన్ తిరిగే వేగాన్ని మెకానిక్ ఒక స్క్రూ తిప్పి కాస్త పెంచగలడు. నేర్చుకునేవారికి ఇది చాలా పనికొచ్చే సర్దుబాటు, క్లచ్ కాస్త తొందరగా వదిలినా ఇంజిన్ ఆగదు. మరీ పెంచితే మాత్రం క్లచ్ వదిలిన వెంటనే బండి ముందుకు దూకుతుంది.

సెల్ఫ్ స్టార్టు ఉన్నదే తీసుకోండి. ట్రాకు మీద ఇంజిన్ ఆగితే కిక్ రాడ్ వెతుక్కునేలోపు గుండె దడ పెరిగిపోతుంది. కొన్ని బండ్లు న్యూట్రల్‌లో ఉంటేనే సెల్ఫ్ తీసుకుంటాయి, కొన్ని క్లచ్ పట్టుకుంటే గేరులోనూ తీసుకుంటాయి. మీ బండి ఏ రకమో మొదటి రోజే తెలుసుకోండి. హీరో బండ్లలో ఐ3ఎస్ (పెట్రోలు ఆదా చేసే ఏర్పాటు) ఉంటే నేర్చుకునే నెల రోజులూ ఆ స్విచ్ ఆపేయండి. న్యూట్రల్‌లో కొన్ని సెకన్లు ఆగితే అదే ఇంజిన్ ఆపేస్తుంది, కొత్తవాళ్లు బండి పాడైందనుకుంటారు. ఇంకో మోసం సైడ్ స్టాండు. కొత్త బండ్లలో స్టాండు దించి ఉండగా గేరు వేస్తే ఇంజిన్ ఆగిపోతుంది. ఎందుకు ఆగిందో తెలియక పదిసార్లు సెల్ఫ్ కొట్టేవాళ్లే ఎక్కువ.

ముందు డిస్క్ బ్రేకు కంటే డ్రమ్ బ్రేకే మొదటి నెలకు మంచిదని మా అభిప్రాయం. డిస్క్ చప్పున పట్టుకుంటుంది. హ్యాండిల్ తిరిగి ఉండగా ముందు బ్రేకు గట్టిగా పడితే బండి ఆ పక్కకే కూలబడుతుంది, ఆపడం ఎవరి తరమూ కాదు. 2019 తర్వాతి 125 సీసీ లోపు బండ్లలో ఇంకో సంగతి గుర్తుంచుకోండి: వెనక బ్రేకు పెడల్ గట్టిగా తొక్కితే ముందు బ్రేకు కూడా కలిసి పడుతుంది. రోడ్డు మీద అది ప్రాణాలు కాపాడే ఏర్పాటే. 8 లో మాత్రం పెడల్‌ను తొక్కకుండా, పాదం బరువు ఆనించినంత ఒత్తిడే ఇవ్వాలి.

సెకండ్ హ్యాండ్ బండి చూడటం, వరసగా

పగటి వెలుతురులోనే చూడండి. అమ్మేవారికి ముందుగా ఫోన్ చేసి బండి స్టార్టు చేయకుండా ఉంచమని చెప్పండి. వెళ్లగానే ఇంజిన్ మీద చేయి పెట్టి చూడండి. వేడిగా ఉంటే, చల్లటి ఇంజిన్ స్టార్టు కావడానికి ఏదో ఇబ్బంది ఉందని అనుమానించాల్సిందే.

1. స్టార్టు చేసి సైలెన్సర్ వెనక నిలబడండి. మొదట్లో కాస్త తెల్లటి ఆవిరి వచ్చి పోతే పర్వాలేదు. నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఇంజిన్ ఆయిల్ కాలుతోందని అర్థం. పిస్టన్ రింగుల పనో, బోరింగ్ పనో తప్పదు, నెల రోజుల పనికి అలాంటి బండి వద్దు. నల్లటి పొగ అంత భయపడాల్సింది కాదు, పెట్రోలు ఎక్కువ వెళ్తోంది లేదా ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయింది.

2. క్లచ్. ఎక్కువ సమయం ఇక్కడే గడపండి. లివర్ కొన దగ్గర 10 నుంచి 20 మి.మీ. వరకు ఖాళీగా ఆడాలి, ఆ తర్వాతే వైరు బిగుసుకోవాలి. ఖాళీ అసలు లేకపోతే క్లచ్ ప్లేట్లు ఎప్పుడూ కొద్దిగా విడిపోయే ఉండి తొందరగా అరుగుతాయి. ఖాళీ మరీ ఎక్కువైతే క్లచ్ పూర్తిగా పట్టుకున్నా విడవదు: మొదటి గేరు వేయగానే బండి పాకుతుంది, ఆగినప్పుడు న్యూట్రల్ దొరకదు. ఈ రెండూ వైరు సర్దితే పోయేవే. ప్లేట్లు అరిగాయా లేదా తెలియాలంటే చదును నేల మీద రెండు బ్రేకులూ పట్టుకుని, మూడో గేరులో మెల్లగా క్లచ్ వదలండి. మంచి క్లచ్ అయితే ఇంజిన్ ఠక్కున ఆగిపోతుంది. ఆగకుండా గుర్రుమంటూ తిరుగుతూనే ఉంటే ప్లేట్లు పోయినట్టే. ఈ పరీక్ష ఒక్కసారి చాలు, పదేపదే చేస్తే బాగున్న ప్లేట్లూ అరుగుతాయి. లివర్ గట్టిగా ఉంటే నేర్చుకునే చేయి పావుగంటకే పీకుతుంది. వైరులో నాలుగు చుక్కలు ఆయిల్ వేయించి చూడండి, తగ్గకపోతే వైరు మార్పించండి.

3. హ్యాండిల్ కోన్‌సెట్, అంటే హ్యాండిల్ తిరిగేచోట లోపల ఉండే బేరింగులు. దీన్ని చాలామంది చూడరు. 8 వేయడానికి మాత్రం క్లచ్ తర్వాత ఇదే ముఖ్యం. సెంటర్ స్టాండు వేసి, ఒకరు వెనక సీటు మీద ఆనుకుంటే ముందు చక్రం పైకి లేస్తుంది. అప్పుడు ఒక్క వేలితో హ్యాండిల్‌ను మెల్లగా ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పండి. సరిగ్గా మధ్యలో చిన్న గుంటలో పడ్డట్టు ఆగితే కోన్‌సెట్ అరిగిపోయింది. గుంతల రోడ్ల మీద సంవత్సరాల తరబడి తిరిగిన బండ్లలో ఇది మామూలే. వేగంలో ఏమీ తెలియదు. నడక వేగంలో మాత్రం మీరు తిప్పాలనుకున్నప్పుడు హ్యాండిల్ ఆగుతుంది, ఆగాలనుకున్నప్పుడు తప్పించుకుంటుంది, బండి పాములా వంకర్లు పోతుంది. నేర్చుకునేవాడు తప్పు తనదేననుకుని కుమిలిపోతాడు. మార్పించడానికి ఒక పూట పని.

4. ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు గొట్టాలు), చక్రాలు. ముందు బ్రేకు పట్టుకుని ముందుకు నొక్కి వదలండి. ఫోర్కు గొట్టాల మీద ఆయిల్ తడి కనిపిస్తే సీళ్లు పోయాయి. చక్రం తిప్పి పక్క నుంచి చూడండి, అటూ ఇటూ ఊగితే రిమ్ము వంగింది. బండి వెనక నిలబడి చూసినప్పుడు హ్యాండిల్ నేరుగా ఉన్నా ముందు చక్రం ఒక పక్కకు చూస్తుంటే, ఎప్పుడో గట్టిగా తగిలిన బండి అది. వదిలేయండి.

5. చైను. స్ప్లెండర్‌లో చైను కవరు లోపల ఉంటుంది, రబ్బరు మూత తీసి వేలితో కదిపి చూడాలి. రెండు మూడు సెంటీమీటర్లు ఆడితే సరే. అంతకంటే వదులైతే రేసు వదిలి ఇచ్చినప్పుడల్లా టక్కుమని కుదుపు వస్తుంది.

6. ఇండికేటర్లు, హారన్, బ్రేకు లైటు, రెండు అద్దాలు. ఇవి చూడటానికి రెండు నిమిషాలు చాలు.

7. చివరగా నడక వేగం పరీక్ష. మీకు నడపడం రాకపోతే వచ్చినవారిని తీసుకెళ్లండి. చదును నేల మీద మొదటి గేరు వేసి, క్లచ్ పూర్తిగా వదిలి, రేసు అసలు ఇవ్వకుండా పోనివ్వాలి. బాగున్న 100 సీసీ బండి ఆగకుండా, ఎగరకుండా తనంతట తాను నడుస్తుంది. దగ్గుతూ ఆగిపోతే సర్వీసింగ్ కావాలి. సర్వీసింగ్ తర్వాత కూడా అలాగే ఉంటే వేరే బండి చూసుకోండి.

కొనేముందు ఇంకో పని ఉంది. హ్యాండిల్‌కు ఒక పక్క లివర్ వంగి ఉందా, ఫుట్‌రెస్టు కొన అరిగిందా చూడండి. అవి బండి పడిన గుర్తులు. పడటం తప్పేమీ కాదు, దాని ప్రకారం ధర తగ్గాలి. లెగ్ గార్డు లేకపోతే వేయించండి. మీరు పడినప్పుడు ట్యాంకునూ, మీ కాలునూ కాపాడేది అదే.

కాగితాలు

బండి అరువుదైనా కొన్నదైనా ఆర్‌సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ గడువులో ఉండాలి. అవి లేని బండితో టెస్టుకు వెళ్తే ట్రాకు దాకా కూడా రానివ్వరు. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి మూడింటి తేదీలూ చూసుకోండి. 2018 సెప్టెంబరు నుంచి కొత్త బైకులకు అయిదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు తప్పనిసరి. కాబట్టి అయిదారేళ్ల బండి అయితే ఆ మొదటి పాలసీ ముగిసి, తర్వాత ఎవరూ కట్టకుండా వదిలేసే అవకాశం ఎక్కువ. దీన్ని ప్రత్యేకంగా చూడండి.

కొంటున్నట్టయితే ఛాసిస్ నంబరు ఆర్‌సీతో సరిపోల్చండి, పెండింగ్ చలాన్లు చూడండి. ఫైనాన్సు ఉంటే ఫారం 35తో తీయించిన తర్వాతే డబ్బు ఇవ్వండి. పేరు మార్పుకు ఫారం 29, 30 కావాలి. రిజిస్ట్రేషన్ 15 ఏళ్ల వరకే చెల్లుతుంది, పద్నాలుగో ఏడులో ఉన్న బండి చవగ్గా వస్తోందని సంబరపడకండి. తెలంగాణ బండిని ఆంధ్రకో, ఆంధ్ర బండిని తెలంగాణకో తెస్తే పాత ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), మళ్లీ లైఫ్ ట్యాక్సు ఉంటాయి. ఎంత చవకైనా ఆ తలనొప్పి నేర్చుకునే బండికి అక్కర్లేదు.

ఇక ఎల్ బోర్డు. నంబరు ప్లేటు మూల చిన్న ఎర్ర టేపు ముక్క అంటిస్తే చాలనుకుంటారు. నియమం ప్రకారం ముందూ వెనకా, తెల్లటి నేల మీద ఎర్ర అక్షరం ఉండాలి. బోర్డు 18 సెం.మీ. చదరానికి, అక్షరం ఎత్తు 10 సెం.మీ.కి తగ్గకూడదు. రోడ్డు మీద లైసెన్సు ఉన్న, నేర్పేవారు తోడుండాలి, వెనక వేరే ఎవరినీ ఎక్కించుకోకూడదు. ఇది జరిమానా కోసం చెబుతున్నది కాదు. ఇన్సూరెన్సు పాలసీలో ఎల్ఎల్ఆర్ ఉన్నవారు నడపవచ్చని ఉంటుంది, కానీ ఈ నియమాలు పాటిస్తేనే అని కూడా రాసి ఉంటుంది.

బండి దొరికాక మొదటి పనులు

టైర్లలో గాలి. బంకులో అడగకపోతే ముందూ వెనకా ఒకేలా గట్టిగా నింపేస్తారు. స్ప్లెండర్‌కు ఒక్కరే నడిపేటప్పుడు ముందు 25, వెనక 28 పీఎస్‌ఐ. వేరే బండి అయితే చైను కవరు మీదో పుస్తకంలోనో ఉంటుంది. గాలి తక్కువైతే హ్యాండిల్ బరువెక్కి 8 లో మెలి తిరగదు, ఎక్కువైతే చిన్న రాయి తగిలినా ముందు చక్రం గెంతుతుంది.

ఇంజిన్ ఆయిల్ ఎప్పుడు మార్చారో తెలియకపోతే మార్పించండి. ఈ బండ్లలో క్లచ్ కూడా అదే ఆయిల్‌లో తిరుగుతుంది. మాడిపోయిన ఆయిల్‌తో క్లచ్ అంటుకుంటుంది, న్యూట్రల్ ఇబ్బంది పెడుతుంది. కారు ఆయిల్ మాత్రం పోయకండి, క్లచ్ జారుతుంది. ఒక అదనపు క్లచ్ లివరు కొని బ్యాగులో ఉంచుకోండి, మొదటిసారి పడినప్పుడు విరిగేది అదే. ఐఎస్‌ఐ గుర్తున్న హెల్మెట్ గ్రౌండులో కూడా పెట్టుకోండి. టెస్టు రోజున మొదటిసారి పెట్టుకుంటే చూపు, వినికిడి రెండూ కొత్తగా ఉండి తడబడతారు.

ఆ బండి మీద 8

ఊరి బయట చదునైన ఖాళీ జాగా చూసుకుని రెండు ఇటుకలు 8 మీటర్ల దూరంలో పెట్టండి. వాటి చుట్టూ 8 తిరగండి. అయిదారు రోజుల్లో కాలు పెట్టకుండా పది సార్లు తిరగగలిగితే దూరం 6 మీటర్లకు, తర్వాత 5 మీటర్లకు తగ్గించండి. ఆ తర్వాత ముగ్గుపిండితో బయటి గీత గీయండి. ఎక్కడ గీత తొక్కారో చక్రం గుర్తు చెప్పేస్తుంది.

రేసు కొద్దిగా, కదలకుండా ఒకేలా పట్టుకోండి. వేగాన్ని క్లచ్ సగం దగ్గర ఆడిస్తూ, వెనక బ్రేకు ఆనిస్తూ సర్దండి. రేసుతో సర్దబోతే బండి ఎగురుతుంది. మొదటి గేరులో మరీ కుదుపుగా ఉంటే రెండో గేరులో ప్రయత్నించండి, కొన్ని బండ్లకు అదే హాయి. చూపు ముందు చక్రం మీద కాదు, తిరగబోయే మలుపు చివర మీద ఉండాలి. రోజుకు అరగంట చాలు. అంతకు మించితే సగం క్లచ్ మీద ప్లేట్లు వేడెక్కి వాసన వస్తుంది. అప్పుడు ఇంజిన్ ఆపి పది నిమిషాలు చల్లారనివ్వండి.

ఎడమ సున్నా బాగా వచ్చి కుడి సున్నా రాకపోవడం మామూలే. కుడికి తిరిగేటప్పుడు రేసు ఉన్న చేయి ఒంటి వైపుకు వచ్చి, తెలియకుండానే రేసు తిరిగిపోతుంది. మోచేయి కాస్త పైకెత్తి పట్టుకుంటే తగ్గుతుంది.

టెస్టుకు ముందు రోజు బండిని సర్వీసింగుకు ఇవ్వకండి. మెకానిక్ మంచి ఉద్దేశంతోనే క్లచ్ వైరు బిగిస్తాడు, నెల రోజులుగా మీ వేళ్లకు అలవాటైన చోటు మారిపోతుంది. ఏ పనైనా వారం ముందే అయిపోవాలి. ఆ ఉదయం గాలి, పెట్రోలు చూసుకుని, ఆఫీసుకు కాస్త ముందుగా వెళ్లి, మీ కంటే ముందు వెళ్లినవారు ట్రాకులోకి ఏ వైపు నుంచి దిగుతున్నారో గమనించండి. ఒకవేళ తప్పితే 7 రోజుల తర్వాత మళ్లీ వెళ్లొచ్చు. ఆ వారం రోజులు కూడా బండి మార్చకండి, కాలు దించిన ఆ ఒక్క సున్నానే మళ్లీ మళ్లీ సాధన చేయండి.